ముందు పెట్రోలు లెక్క, ఆ తరువాతే స్పార్క్

టర్బో బిగించిన ఇంజిన్‌ను ట్యూన్ చేయడం గురించి నాతో మాట్లాడేవారిలో చాలామంది మొదట అడిగేది ఒకటే: బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని అదిమి పంపేటప్పుడు, ఎయిర్-ఫ్యూయల్ (గాలికీ పెట్రోలుకూ మధ్య నిష్పత్తి) ఎంత పెట్టాలి? దానికి ఒక్క అంకెలో జవాబు చెప్పేయవచ్చు గానీ, ఆ ఒక్క అంకె ఇంజిన్‌ను కాపాడదు. మిశ్రమం కొంచెం పలచబడి, అంటే పెట్రోలు పాలు తగ్గి, పాడైన పిస్టన్లు లేకపోలేదు. అయితే మీటరులో మిశ్రమం అంకె ముచ్చటగా కనిపిస్తుండగానే, స్పార్క్ క్రాంక్ తిరిగే కోణంలో మూడు నాలుగు డిగ్రీలు ముందుగా పడినందువల్లనో, లోపలికి వెళ్లే గాలి మనం అనుకున్నదానికన్నా వేడిగా ఉన్నందువల్లనో విరిగిన పిస్టన్లే ఎక్కువని నా అభిప్రాయం. ఎంత పెట్రోలు పోయాలో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పే పెట్రోలు పట్టికను, ఎప్పుడు అంటించాలో చెప్పే స్పార్క్ పట్టికను రెండు వేరు వేరు పనులుగా చూసినంతకాలం ఈ చిక్కు తీరదు. మొదటిది నిజం చెప్పేదాకా రెండవదాన్ని ముట్టుకోకూడదు. రెండవదానిలోని తప్పును మొదటిదానితో కప్పిపుచ్చకూడదు.

ఇక్కడ రాసేదంతా నా దగ్గరున్న 1995 నాటి మాజ్దా మియాటాను ఆధారంగా చేసుకున్నది. నేను ఉండేది డాలస్ శివార్లలో. ఈ బండిని ట్రెయిలర్ మీద క్రెస్సన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌కు తీసుకువెళ్లి ట్రాక్ మీద మాత్రమే నడుపుతాను. ఇంజిన్ 1,839 సీసీ, బోర్ 83 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 85, కంప్రెషన్ నిష్పత్తి 9. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దీనికి టర్బో లేదు. ఇప్పుడున్న చిన్న టర్బోతో 0.7 బార్ బూస్ట్ నడుస్తుంది, అంటే మానిఫోల్డ్‌లో మొత్తం పీడనం సుమారు 170 కిలోపాస్కల్. పాత ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) స్థానంలో మెగాస్క్విర్ట్ పెట్టాను. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు ఇంజనీర్లు మొదలుపెట్టిన ఈ ఈసీయూను ఎవరికి వారు సోల్డరింగ్ చేసుకుని తయారుచేసుకోవచ్చు. అందువల్ల దాని లోపల ఏ లెక్క ఎలా జరుగుతుందో దాపరికం లేకుండా తెలుస్తుంది. నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి పలక దొరకదు.

ల్యాప్‌టాప్ తెరిచే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఈసీయూ 10 డిగ్రీలు అనుకున్నప్పుడు క్రాంక్ పుల్లీ మీద కూడా 10 డిగ్రీలే కనిపిస్తున్నాయా అన్నది టైమింగ్ లైట్‌తో చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర స్థిరంగా పెట్టి, ఐడిలింగ్‌లో ఒకసారి, 4,000 ఆర్‌పీఎం దగ్గర మరొకసారి గుర్తును చూడాలి. రెండుచోట్లా గుర్తు ఒకేచోట నిలబడితే సరే. వేగం పెరిగేకొద్దీ పక్కకు జరిగితే, సెన్సార్ సంకేతానికీ స్పార్క్‌కూ మధ్య ఉన్న ఆలస్యాన్ని ఈసీయూలో సరిగా ఇవ్వలేదన్నమాట. ఈ మియాటాలో టైమింగ్ సంకేతం ఇచ్చే సెన్సార్ సిలిండర్ హెడ్ వెనుక కామ్‌షాఫ్ట్‌తో తిరుగుతుంది; దాని బోల్టు వదులు చేసి చేత్తో తిప్పితే టైమింగ్ మారిపోతుంది. ఫైర్‌వాల్‌కూ దానికీ మధ్య చెయ్యి పట్టడమే కష్టం. పైగా క్రాంక్‌కూ కామ్‌కూ మధ్య రబ్బరు బెల్టు ఉంటుంది కనుక, వేగం మారినప్పుడల్లా స్పార్క్ ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. నాకు అది నచ్చక, టైమింగ్‌ను నేరుగా క్రాంక్ నుంచే చదివేలా, క్రాంక్ పుల్లీ వెనుక 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రాన్ని బిగించాను. పుల్లీ మీద ఉన్న సున్నా గీత నిజంగా టాప్ డెడ్ సెంటరేనా (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానమేనా) అన్నదాన్ని కూడా నమ్మకం మీద వదలకూడదు. పాతబడిన పుల్లీలలో బయటి రింగును పట్టి ఉంచే రబ్బరు జారి, గీత పక్కకు పోవడం మామూలే. ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ పెట్టి, రెండు వైపులా తిప్పి, ఆగిన రెండు చోట్లకూ నడిమధ్య ఉన్న బిందువే అసలు సున్నా.

ఇక పెట్రోలు సంగతికి వద్దాం. మెగాస్క్విర్ట్ గాలిని నేరుగా తూచదు. మానిఫోల్డ్ పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగం అనే మూడింటిని బట్టి సిలిండర్‌లోకి ఎంత గాలి వెళ్లి ఉంటుందో లెక్కగడుతుంది. ఆ లెక్కలో మనం నింపవలసింది వీఈ టేబుల్, అంటే ఏ వేగంలో ఏ పీడనం దగ్గర సిలిండర్ నూటికి ఎంత పాళ్లు నిండుతుందో చెప్పే పట్టిక. మిగతాదంతా కాగితం మీద వేసుకోగలిగిన లెక్కే. ఒకసారి వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క చేతికి వచ్చినవారికి ఇంజెక్టర్ల ఎంపికలో ఎవరినీ అడగవలసిన పని ఉండదు.

ఒక్కొక్క సిలిండర్ 460 సీసీ. పీడనం 100 కిలోపాస్కల్, ఉష్ణోగ్రత 21 డిగ్రీలు ఉన్నప్పుడు లీటరు గాలి సుమారు 1.185 గ్రాములు తూగుతుంది కనుక, సిలిండర్ పూర్తిగా నిండితే 0.545 గ్రాముల గాలి పడుతుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి (ఇదే సరిపాటు నిష్పత్తి) కనుక, దాన్ని 14.7తో భాగిస్తే 0.037 గ్రాముల పెట్రోలు, అంటే దాదాపు 0.05 సీసీ. నిమిషానికి 550 సీసీ పోసే ఇంజెక్టర్ సెకనుకు 9.17 సీసీ పోస్తుంది, ఈ 0.05 సీసీ పోయడానికి దానికి 5.4 మిల్లీసెకన్లు చాలు. ఇప్పుడు బూస్ట్‌లోకి వెళ్దాం. పీడనం 170 అయితే 1.7తో గుణించాలి, సిలిండర్ 95 శాతమే నిండుతుందనుకుంటే 0.95, గాలి 45 డిగ్రీలకు వేడెక్కి పలచబడింది కనుక 0.925, మిశ్రమం ల్యాంబ్డా 0.80 దాకా చిక్కగా ఉండాలి కనుక 1.25 (ల్యాంబ్డా అంటే ఉన్న నిష్పత్తిని సరిపాటు నిష్పత్తితో భాగిస్తే వచ్చేది; 1.00 కన్నా తక్కువైతే చిక్కన, ఎక్కువైతే పలచన). అన్నీ కలిపితే 10.1 మిల్లీసెకన్లు, ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే వ్యవధి మరొక మిల్లీసెకను, మొత్తం 11.1. ఇంజిన్ 7,000 ఆర్‌పీఎం దగ్గర ఒక పూర్తి చక్రానికి, అంటే రెండు చుట్లకు, తీసుకునే కాలం 17.1 మిల్లీసెకన్లు. అంటే ఇంజెక్టర్ 65 శాతం కాలం తెరుచుకుని ఉంటుంది. 85 శాతం దాటనంతవరకు భయం లేదు. అదే పని కంపెనీ ఇచ్చిన 265 సీసీ ఇంజెక్టర్లకు అప్పగిస్తే 21 మిల్లీసెకన్లు కావాలి. ఉన్నదే 17.1. అవి పూర్తిగా తెరుచుకుని ఉన్నా పెట్రోలు చాలదు. టర్బో పెట్టి పాత ఇంజెక్టర్లతో సర్దుకుపోదాం అనేవారికి నేను ఈ లెక్క తప్ప వేరే ఏమీ చెప్పను.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. ఇంజెక్టర్‌కు లోపలా బయటా ఉన్న పీడనాల తేడా మారకుండా ఉండాలి. మానిఫోల్డ్‌లో బూస్ట్ 0.7 బార్ పెరిగితే, 3 బార్ ఉన్న పెట్రోలు పీడనం కూడా 3.7కు పెరగాలి. ఆ పని రెగ్యులేటర్‌కు మానిఫోల్డ్ నుంచి వచ్చే చిన్న రబ్బరు గొట్టం చేస్తుంది. ఆ గొట్టం క్లిప్పు లేకుండా ఉంటే బూస్ట్‌కు ఊడిపోతుంది; పంపు బలహీనమైతే పీడనం పెరిగేకొద్దీ అది పోసే పెట్రోలు తగ్గుతుంది. రెండు సందర్భాలలోనూ లక్షణం ఒకటే: మధ్య వేగాలలో మిశ్రమం బాగానే ఉండి, పై వేగాలలో మెల్లగా పలచబడుతుంది. దాన్ని చూసి వీఈ పట్టికలో చివరి గడులను పెంచుతూ పోయేవారున్నారు. సిలిండర్ నూటికి 130 పాళ్లు నిండుతున్నదని పట్టిక చెబుతుంటే, తప్పు ఇంజిన్‌లో లేదు, పెట్రోలు లైనులో ఉందని గ్రహించాలి.

ఇంజెక్టర్ తెరుచుకునే వ్యవధిని డెడ్ టైమ్ అంటారు. దాని పెత్తనం కనిపించేది బూస్ట్‌లో కాదు, ఐడిలింగ్‌లో. అక్కడ మొత్తం పల్స్ రెండు మిల్లీసెకన్లు అయితే అందులో సగం డెడ్ టైమే. బ్యాటరీ వోల్టేజీ తగ్గితే ఇంజెక్టర్ ఇంకా బద్ధకంగా తెరుచుకుంటుంది. నా బండిలో ఇది కంటికి కనిపించేది: ఐడిలింగ్‌లో ల్యాంబ్డా చక్కగా 1.00 దగ్గర ఉండేది. మియాటాకు ఉన్న, లోపలికి ముడుచుకునే హెడ్‌లైట్లను పైకి లేపి, రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగడం మొదలుపెట్టగానే వోల్టేజీ 14 నుంచి 13కు పడి, ల్యాంబ్డా 1.08కి పోయి ఇంజిన్ వణికేది. వీఈ పట్టికలో ఒక్క గడి కూడా మార్చకుండా, వోల్టేజీని బట్టి డెడ్ టైమ్ ఎంత పెరగాలో చెప్పే గీతను సరిదిద్దితే ఆ వణుకు పోయింది. ఇంజెక్టర్లతోపాటు ఈ అంకెలను ఇవ్వని అమ్మకందారు దగ్గర, ఎంత చౌకగా ఇచ్చినా, ఇంజెక్టర్లు కొనకపోవడమే మంచిది.

మిశ్రమాన్ని కొలిచేది వైడ్‌బ్యాండ్ సెన్సార్, నా దగ్గరున్నది బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9. అది కొలిచేది పెట్రోలును కాదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను. అందువల్ల మిశ్రమం మరీ చిక్కబడి, స్పార్క్ పడినా అంటుకోకుండా ఒక సిలిండర్ మిస్‌ఫైర్ అయితే, కాలకుండా బయటికి వచ్చిన ఆక్సిజన్‌ను చూసి సెన్సార్ పలచగా ఉందని చెబుతుంది. దాన్ని నమ్మి ఇంకొంత పెట్రోలు కలిపితే మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది, మీటరు ఇంకా పలచగా చూపిస్తుంది. బూస్ట్‌లో ప్లగ్ మొనల మధ్య గాలి సాంద్రంగా ఉండి స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కనుక, గ్యాప్‌ను 1.1 మిల్లీమీటర్ల నుంచి 0.7కు తగ్గించి, ఒకటి రెండు మెట్లు చల్లని, అంటే వేడిని త్వరగా వదిలే, ప్లగ్ వేసుకోవాలి. నేను వాడేది ఎన్‌జీకే బీకేఆర్‌7ఈ. మీటరు చూపించే అంకెను ఎయిర్-ఫ్యూయల్‌గా కాక ల్యాంబ్డాగా చదవడం అలవాటు చేసుకోవాలని కూడా గట్టిగా చెబుతాను. అమెరికా బంకులలో పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు సరిపాటు నిష్పత్తి 14.7 కాదు, 14.1. ల్యాంబ్డా 1.00 మాత్రం ఏ ఇంధనానికైనా 1.00 గానే ఉంటుంది.

నా పట్టికలో నిలకడగా నడిచేచోట ల్యాంబ్డా 1.00, బూస్ట్ లేకుండా పూర్తి థ్రాటిల్‌లో 0.88, పూర్తి బూస్ట్‌లో 0.80. ఎక్కువ శక్తి 0.88 దగ్గరే దొరుకుతుంది. మిగతా పెట్రోలు శక్తి కోసం కాదు, చల్లదనం కోసం. ఆవిరయ్యేటప్పుడు అది గాలి నుంచి వేడిని లాగుతుంది, మంట ఉష్ణోగ్రతను కూడా తగ్గిస్తుంది. అలాగని 0.75 దాటి చిక్కబరిస్తే మంట నెమ్మదించి, సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర కడుక్కుపోతుంది. పెట్రోలు పట్టికను నింపడం, నిజం చెప్పాలంటే, ఓపిక తప్ప పెద్ద తెలివి అక్కర్లేని పని. లాగ్ (నడుపుతుండగా ఈసీయూ నమోదు చేసిన అంకెలు) తీసుకోవడం, కొలిచిన ల్యాంబ్డాను లక్ష్యంతో పోల్చడం, ఎంత శాతం తేడా ఉంటే అంత శాతం గడిని మార్చడం. ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ దాన్ని తనంతట తానే చేస్తుంది. ఈ దశ మొత్తంలో స్పార్క్ మాత్రం వెనక్కే, అంటే ఆలస్యంగా పడేలా, ఉండాలి, బూస్ట్ అడుగున ఉండాలి.

స్పార్క్ విషయంలో మాత్రం కంప్యూటర్ సాయపడదు, చెవి, డైనో (ఇంజిన్ టార్క్‌ను కొలిచే యంత్రం) కావాలి. ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతా పాకడానికి కొంత కాలం పడుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడాలి. సిలిండర్‌లో పీడనం అత్యధికంగా ఉండే క్షణం టాప్ డెడ్ సెంటర్ దాటాక 12 నుంచి 16 డిగ్రీల మధ్య వస్తే క్రాంక్‌కు ఎక్కువ టార్క్ అందుతుంది. దానికి సరిపడే స్పార్క్ స్థానాన్ని ఎంబీటీ అంటారు. నిదానంగా పోయేటప్పుడు సిలిండర్‌లో గాలి తక్కువ, పాత పొగ ఎక్కువ, మంట మెల్లగా పాకుతుంది. 35 డిగ్రీలు ముందుగా అంటించినా తప్పు కాదు. బూస్ట్‌లో గాలి దట్టంగా ఉండి మంట చురుకుగా పాకుతుంది కనుక అంత తొందర అవసరమే లేదు. పైగా ఎంబీటీ దాకా పోకముందే నాకింగ్ అడ్డుపడుతుంది.

నాకింగ్ అంటే మంట ఇంకా చేరని మూలన మిగిలిన మిశ్రమం, ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక, ఒక్కసారిగా తనంతట తాను అంటుకోవడం. ఆ దెబ్బకు పీడన తరంగం సిలిండర్‌లో ఒక గోడ నుంచి మరొక గోడకు కొట్టుకుంటుంది. 83 మిల్లీమీటర్ల బోర్‌కు ఆ మోత దాదాపు 6.9 కిలోహెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. మామూలుగా పిస్టన్ తలను అంటిపెట్టుకుని ఒక పలుచని చల్లని వాయువు పొర ఉంటుంది. లోపల మంట రెండు వేల డిగ్రీలు దాటినా అల్యూమినియం కరగకపోవడానికి ఆ పొరే కారణం. తరంగం ఆ పొరను చెరిపేస్తుంది. అందుకే నాకింగ్ తిన్న పిస్టన్ అంచులు ఇసుకతో గీకినట్లు గరుకుగా కనిపిస్తాయి, రింగుల మధ్య గట్లు విరుగుతాయి.

దీన్ని వినడానికి నేను వాడే సాధనం రెండు రకాలు. పాతది ఒక రాగి గొట్టం: ఒక కొనను సుత్తితో చదును చేసి, రంధ్రం పెట్టి, ఇంజిన్ బ్లాకుకు బోల్టుతో బిగించి, రెండవ కొనకు రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని చెవులు మూసే ఇయర్‌మఫ్‌లోకి పోనివ్వడం. కొత్తది బాష్ నాక్ సెన్సార్‌ను బ్లాకుకు 20 న్యూటన్ మీటర్లతో, వాషర్ లేకుండా బిగించి, చిన్న ఆంప్లిఫయర్ ద్వారా హెడ్‌ఫోన్లలో వినడం. ఇంజిన్ మోత అంతా ఒక గరగరగా ఉంటుంది. దాని మీద నూనెలో ఆవాలు చిటపటలాడినట్లు వేరుగా వినిపించేది నాకింగ్. ఈ ఇంజిన్లలో చల్లగా ఉన్నప్పుడు, వాల్వులను నడిపే హైడ్రాలిక్ లిఫ్టర్లు టిక్కుటిక్కుమనడం సహజం. కొత్తవారు దాన్ని విని హడలిపోతారు; లిఫ్టర్ చప్పుడు లోడుతో మారదు, నాకింగ్ లోడుతోనే పుడుతుంది.

డైనోలో కూడా తేడాలున్నాయి. బరువైన రోలర్‌ను తిప్పి గుర్రాల శక్తిని లెక్కగట్టే డైనో కాగితం మీద గీతకు బాగుంటుంది గానీ, స్పార్క్ పట్టిక నింపడానికి ఇంజిన్‌ను ఒకే వేగం దగ్గర పట్టి నిలబెట్టగల బ్రేక్ ఉన్న డైనో కావాలి. ఉదాహరణకు 4,000 ఆర్‌పీఎం, 100 కిలోపాస్కల్ గడిని తీసుకుందాం. మొదట 18 డిగ్రీలు పెట్టి టార్క్ చూడాలి. 20కి మార్చగానే టార్క్ స్పష్టంగా పెరుగుతుంది. 22కి కొద్దిగా పెరుగుతుంది. 24కి ఏమీ మారదు. ఆ చదునైన చోటు ఎంబీటీ శిఖరం. నేను 22 దగ్గరే ఆపేస్తాను. శిఖరం అంత చదునుగా ఉన్నప్పుడు రెండు మూడు డిగ్రీలు వెనక్కి ఉన్నందువల్ల పోయే టార్క్ నూటికి ఒకటి కూడా ఉండకపోవచ్చు, నాకింగ్‌కు దూరం మాత్రం చాలా పెరుగుతుంది. బూస్ట్ గడులలో ఈ శిఖరం కనబడదు. అక్కడ ఒక్కొక్క డిగ్రీ కలుపుతూ, టార్క్ పెరుగుదల మందగించినా ఆపాలి, హెడ్‌ఫోన్లలో మొదటి చిటపట వినిపించినా ఆపాలి. ఆపినచోటి నుంచి రెండు మూడు డిగ్రీలు వెనక్కి రావాలి. నా బండికి 170 కిలోపాస్కల్ వరుసలో 3,500 దగ్గర 11, 5,000 దగ్గర 14, 7,000 దగ్గర 18 డిగ్రీలు తేలాయి. టార్క్ శిఖరం దగ్గర సిలిండర్ బాగా నిండుతుంది, వేగం తక్కువ కనుక మిశ్రమానికి ఉడకడానికి సమయం కూడా దొరుకుతుంది. అందుకే అక్కడే అంకె తక్కువ. వేరే టర్బో, వేరే ఇంటర్‌కూలర్, వేరే పెట్రోలు ఉన్న ఇంజిన్‌కు ఈ అంకెలు పనికిరావు.

భయపడి స్పార్క్‌ను మరీ వెనక్కి నెట్టడం కూడా క్షేమం కాదు. ఆలస్యంగా అంటుకున్న మంట పిస్టన్‌కు పని చేయకుండా ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి కాలుతుంది. 5 డిగ్రీల దగ్గర పూర్తి బూస్ట్‌లో నడుపుతూ, నాకింగ్ లేదు కదా అని నిశ్చింతగా ఉన్నవారి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కాగి, కొన్నాళ్లకు పగులుతుంది. ఎగ్జాస్ట్ వాల్వులకూ టర్బైన్‌కూ కూడా ఆ వేడి తగులుతుంది. శక్తి తక్కువగా ఉందని అప్పుడు బూస్ట్ పెంచుతారు. నేను చూసినంతలో ఇది అన్నిటికన్నా ఖరీదైన దారి.

నాకింగ్ వినిపించినప్పుడు పెట్రోలు కలిపి అణచడం మరొక అలవాటు. 0.80 నుంచి 0.76కు చిక్కబరిస్తే చిటపట నిజంగానే తగ్గుతుంది. కానీ ఆ రోజు పంపు కొంచెం బలహీనపడితే, ఏదో ఒక్క ఇంజెక్టర్‌లో చెత్త అడ్డుపడితే, అణచిన నాకింగ్ హెచ్చరిక లేకుండా లేస్తుంది. ఇంజిన్ ప్రాణాన్ని ఒక ద్రవం మీద ఆధారపెట్టిన ప్రయోగం చరిత్రలోనే ఉంది. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. 10.25 కంప్రెషన్ నిష్పత్తి మీద బూస్ట్ నడపడానికి అది నీళ్లూ మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చల్లేది. ద్రవం అయిపోతే బూస్ట్‌ను తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు. యజమానులు ద్రవం నింపడం మానేశారు, బండి నీరసించింది, ఆ నమూనా రెండేళ్లకే ఆగిపోయింది. తరువాత సాబ్ కంపెనీ 1980ల మొదట్లో నాక్ సెన్సార్ విని బూస్ట్‌ను తనంతట తానే తగ్గించే పద్ధతి తెచ్చాకనే టర్బో కారు మామూలు మనిషి చేతికి నిశ్చింతగా వచ్చిందని చెప్పవచ్చు.

గాలి వేడి సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే టెక్సస్‌లోనూ తెలుగు రాష్ట్రాలలోనూ ఎండలు ఒకటే తీరు. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు గాలిని 1.7 రెట్లు అదిమితే, కంప్రెసర్ దక్షత 70 శాతం అనుకున్నా, ఉష్ణోగ్రత 72 డిగ్రీలు పెరిగి 107కు చేరుతుంది. మంచి ఇంటర్‌కూలర్ దాన్ని 50 దగ్గరకు తెస్తుంది. చలికాలం ఉదయం డైనో మీద నింపిన స్పార్క్ పట్టిక మే నెల మధ్యాహ్నానికి సరిపోదు. అందుకని ఇంటేక్ ఉష్ణోగ్రత 45 దాటాక ప్రతి పది డిగ్రీలకూ రెండు డిగ్రీల చొప్పున స్పార్క్‌ను వెనక్కి లాగే గీత నా ఈసీయూలో ఉంది. ఉష్ణోగ్రత సెన్సార్‌ను ఇంటర్‌కూలర్ తరువాత, ఇంజిన్ వేడి అంతగా తగలనిచోట పెట్టాలి. ట్రాక్ మీద నుంచి వచ్చి బండి పది నిమిషాలు ఆపితే సెన్సార్ లోహం కాగి 70 చూపిస్తుంది. గాలి పలచగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. స్టార్ట్ చేయగానే మిశ్రమం పలచబడి ఇంజిన్ తడబడుతుంది. దీనికి పెట్రోలు సవరణను గాలి ప్రవాహం తక్కువ ఉన్నప్పుడు కొంత మేరకే అమలు చేయమని చెప్పే అమరిక ఉంది. స్పార్క్ సవరణను మాత్రం తగ్గించవద్దు.

హైదరాబాద్, విజయవాడల నుంచి రాసే మిత్రులు ఎక్కువగా అడిగేది చిన్న టర్బో పెట్రోల్ కార్లకు రీమ్యాప్ చేయించవచ్చా, అంటే కంపెనీ ఈసీయూలోని పట్టికలను మార్పించవచ్చా అని. పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే, బంకు మీద రాసి ఉన్న ఆక్టేన్ అంకె రెండు దేశాలలో ఒకే కొలమానం కాదు. ఇక్కడ నేను పోయించే 93 అనేది రెండు పద్ధతుల సగటు. ఆ రెండింటిలో ఒకటైన, మన దగ్గర వాడే ఆర్‌ఓఎన్ లెక్కలో అది సుమారు 97 లేదా 98. 2020లో బీఎస్-6 ప్రమాణం వచ్చినప్పుడు మామూలు పెట్రోలుకు కనీస ఆర్‌ఓఎన్ 91గా ఉండేది, అంటే ఇక్కడి 87తో సమానం. 98 ఆర్‌ఓఎన్‌ను దృష్టిలో పెట్టుకుని యూరప్‌లో రాసిన ఫైలును 91 మీద నడిపితే, నాక్ సెన్సార్ రోజంతా టైమింగ్ వెనక్కి లాగుతూ ఉంటుంది. 2020 చివర ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోలును తెచ్చింది గానీ, ఊరు దాటాక దొరకని ఇంధనానికి ట్యూన్ చేసుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలుకు సరిపాటు నిష్పత్తి 13.5 చేరువకు వస్తుంది. ఇంజెక్టర్లు, పంపు అంతమేరకు ఎక్కువ పోయగలగాలి. ఇథనాల్ నాకింగ్‌ను బాగా తట్టుకుంటుందన్నది నిజమే, అయితే బంకు బంకుకూ పాళ్లు మారే చోట ఆ లాభాన్ని స్పార్క్ పట్టికలో ముందే ఖర్చుపెట్టకూడదు.

పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో ఇంకొక ప్రమాదం ఉంది. తక్కువ వేగంలో, 1,500 నుంచి 2,500 మధ్య, పూర్తి బూస్ట్ ఇచ్చినప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకోవడాన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. మంట స్పార్క్‌తో మొదలుకాలేదు కనుక స్పార్క్‌ను వెనక్కి లాగినా ఫలితం ఉండదు. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ తరగతి ఇంజిన్ ఆయిల్ లక్ష్యాలలో దీన్ని అడ్డుకోవడం కూడా ఒకటి. అందువల్ల అటువంటి కారుకు ఎవరైనా రీమ్యాప్ చేసి, కింది వేగంలోనే టార్క్ ఉవ్వెత్తున లేచే గీతను గర్వంగా చూపిస్తే, నేనైతే డబ్బు ఇవ్వను. రోడ్డు మీద తిరిగే బండికి చట్టం, బీమా, వారంటీ చిక్కులు కూడా ఉన్నాయి. అవి తేల్చుకున్నాకనే చేయించాలి.

పట్టికలు రెండూ కుదిరాక కూడా కాపలా పెట్టాలి. నా ఈసీయూలో పీడనం 190 కిలోపాస్కల్ దాటితే ఇంజిన్ కట్ అవుతుంది. 150 పైన ల్యాంబ్డా 0.88 కన్నా పలచగా కొద్ది క్షణాలు నిలిచినా కట్ అవుతుంది. పెట్రోలు పీడనానికి ఒక సెన్సార్ పెట్టి లాగ్‌లో రాయించడం నేను చేసిన ఖర్చులలో అతి తక్కువది, అతి ఎక్కువ పనికి వచ్చేది.

చివరిగా ప్లగ్గులు. పూర్తి బూస్ట్‌లో నేరు దారి చివర క్లచ్ నొక్కి ఇంజిన్ ఆపేసి, బండిని అలాగే పక్కకు దొర్లించి తెచ్చి, చల్లారాక ప్లగ్గులు విప్పి భూతద్దం కింద చూస్తాను. తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి వంటి చుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం బిందువులు గానీ ఉంటే ఆ రోజుకు బూస్ట్ బంద్. అవి లేకపోతే వంకర కమ్మీని చూడాలి. దాని మీద వేడికి రంగు మారిన గీత వంపు దగ్గర ఉంటే స్పార్క్ సరిగా ఉంది. మొన వైపు ఉంటే ఇంకొక డిగ్రీకి చోటుంది. ప్లగ్ మరల (థ్రెడ్ల) వైపు దిగిపోయి ఉంటే, డైనో ఏం చెప్పినా, చెవికి ఏం వినిపించకపోయినా, ఆ వరుసలో ఒక డిగ్రీ తీసేసి కొత్త ప్లగ్గులతో మళ్లీ నడుపుతాను.